విశ్వకర్మ పూజ నాటి సబ్బు

1998లో జంషెడ్‌పూర్‌లోని ఒక ప్రైవేటు పరిశోధనశాలలో సీనియర్ కెమిస్టుగా చేరాను. ఊరంతా ఉక్కు గురించి మాట్లాడుకుంటుంటే మేము ఆ ఊళ్లోనే బారిడీహ్ పేటలో ఓ మూల కూర్చుని వైరస్‌లకు ఎర తయారుచేసేవాళ్లం. వైరస్ ఒక జీవకణంలోకి దూరేముందు ఆ కణంపై ఉండే చక్కెర గొలుసులను పట్టుకుంటుంది. అలాంటి గొలుసునే కృత్రిమంగా చేసి ఎదురు పెడితే, అదే కణమనుకుని అక్కడే ఉండిపోతుంది. మగపెళ్లివారిని పక్కింటి పందిట్లో కూర్చోబెట్టడం లాంటిదన్నమాట. చాలా వైరస్‌లు ఆ గొలుసులనే పట్టుకుంటాయి గనుక ఒకే మందు అన్నింటికీ పనిచేస్తుందని మా ఆశ.

ఆశే తప్ప ఫలితం లేదు. సెప్టెంబరు ఆఖరున జరిగే సమీక్షలో ఏదో ఒకటి చూపకపోతే విభాగం మూసేస్తామని యాజమాన్యం చెప్పేసింది.

ఆ నెల మధ్యలో విశ్వకర్మ పూజ. ఆ ఊళ్లో ఆ రోజు కడిగి బొట్టు పెట్టని యంత్రం ఉండదు. మా ల్యాబ్ అటెండరు సింహాచలం, పలాస వైపు మనిషి, యంత్రాలన్నిటికీ దండలు వేసి, గాజు సామానంతా తళతళలాడేలా తోమిపెట్టాడు.

పూజ తర్వాత చేసిన మొదటి పరీక్షలో మూడు రకాల కోళ్ల వైరస్‌లు వదిలినా, మా మందు వేసిన పళ్లెంలోని కోడి కణాలు చెక్కుచెదరలేదు. మా విభాగాధిపతి సిన్హా గారు వెంటనే బిష్టుపూర్ నుంచి లడ్డూలు తెప్పించారు. నేను ఒకటి కొరికి, కంట్రోల్ పళ్లెం చూశాను. కంట్రోల్ అంటే మందు వేయకుండా ఉత్త ఉప్పునీటితో చేసే పరీక్ష. అందులో వైరస్ సోకి కోడి కణాలు చచ్చి తీరాలి. అక్కడా కణాలు నిక్షేపంగా ఉన్నాయి. మిగతా లడ్డూ పక్కన పెట్టేశాను.

సింహాచలాన్ని పిలిచి సామాను ఎలా కడిగావని అడిగాను.

"పండగ కదా బాబూ, జుగ్సలాయి నించి మంచి వాసన సబ్బుపొడి తెచ్చి తోమినాను. పూజకి టైమైపోతందని ఓపాలి నీల్లు పోసి తీసేసినాను" అన్నాడు గర్వంగా.

డిస్టిల్డ్ నీటితో పదేపదే కడగాలన్నది నియమం. వైరస్‌లను కలిపిన గాజు సీసాలకు అంటుకున్న సబ్బు, పళ్లెంలో పోయకముందే వాటి కొవ్వు పొరను కరిగించేసింది. మా మందుకు అందులో పాత్రే లేదు.

ఈ సంగతి సమీక్ష అయ్యాక చెబుదామన్నారు సిన్హా గారు. నాకు ఒళ్లు మండింది. సామాను మళ్లీ కడిగించి, పరీక్ష మళ్లీ పెట్టాను. మా ఎర ఒక్క వైరస్‌ను మాత్రం కొంతవరకు ఆపింది. సిన్హా గారు గొణుక్కుంటూనే, సమీక్షలో సబ్బుతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పారు. సమీక్ష కమిటీ పెద్దాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆ ఒక్క వైరస్ కోసం ఏడాది గడువిచ్చారు.

సింహాచలానికి మాత్రం అనుమానం తీరలేదు. "సబ్బుకే అన్నీ సచ్చిపోతంటే మనం ఏటి సేత్తన్నాం బాబూ?" అన్నాడు. సబ్బు తాగలేం కదా అన్నాను. మరి మీ మందు తాగొచ్చా అని అడిగాడు. అదింకా తేలలేదని ఒప్పుకోవలసి వచ్చింది.

ఫలితం ఎంత బాగుంటే కంట్రోల్‌ను అంత ముందు చూడాలని ఆ పూజ నేర్పింది. మేము చేసిన ఎరకు వైరస్‌ల కన్నా ముందు మేమే చిక్కాం. రిటైరయ్యేదాకా మళ్లీ కంట్రోల్ చూడకుండా మిఠాయి ముట్టలేదు.