చదివి వినిపించిన వీలునామా

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి... నేను తాగను, దయ్యాల కథలు చెప్పుకొని తిరిగేవాణ్ణీ కాదు. పెనుకొండలో దస్తావేజులు టైపు చేసే అంగడి నాది. ఇది నాకే జరిగింది.

అంగట్లోని కంప్యూటరు మా గురువు రామప్పది. పోయినేడు కాలం చేశాడు. చూపు మందగించాక వర్డ్‌లో ఒక మ్యాక్రో, అంటే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రాము, పెట్టించుకున్నాడు. ఏ ఫైలు తెరిచినా, అదే దిద్దడానికి వీల్లేని, చదువుకునే వ్యూలోకి మార్చి అక్షరాలు గుమ్మడికాయలంత చేసేది. "చదివి వినిపీకుండా ఎవురిచేతా ఏలిముద్ర ఏయించగాకప్పా" అని రోజూ నా ప్రాణం తీసేవాడు. ఆయన పోయాక ఆ మ్యాక్రో నేనే తీసేశాను.

ఒక రోజు రాత్రి పది దాటింది. హిందూపురం ఆసుపత్రి నుంచి లక్ష్మీదేవి ఫోన్. ధర్మవరంలో చీరలు నేసే మనిషి, మొగుడు లేడు. ఇల్లూ మగ్గమూ కోడలి పేరనే వీలునామా రాస్తానని అత్త ఓబులమ్మ ఒప్పుకుంటే నేనే టైపు చేసి పెట్టాను, వేలిముద్రే మిగిలింది. అది జరగకపోతే మరిది ఈమెను బయటికి గెంటడం ఖాయం.

"అత్తకు ఊపిరాడ్డంలేదన్నా. తెల్లారేదాంకా ఉంటాదో లేదో. యాడుండావు?"

"ఈడే, అంగట్లో. ఇంటి నంబరొకటి దిద్ది, ప్రింటు తీసుకోని వస్తాండా."

ఫైలు తెరిచాను... తెర నిండా గుమ్మడికాయలంత అక్షరాలు. దిద్దబోతే కుదరదు. మామూలు వ్యూకి మార్చాను. టక్... మళ్లీ అదే. మ్యాక్రోల జాబితా చూశాను. ఖాళీ. అసలు మ్యాక్రోలే నడవకుండా ఆపేసి తెరిచాను. టక్. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను... టక్. పదకొండయింది. ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నా.

చేతకాక లక్ష్మీదేవికి ఫోన్ చేశాను. ఎత్తారు. మాట లేదు... గరగరమని ఊపిరి.

"అత్త చెవి కాడ పెట్టు తల్లీ, చదువుతా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రామప్ప మాట మెదిలిందేమో.

ఒక వాక్యం చదివాను.

"ఊ..."

ముసలి గొంతు. ఇంకొకటి చదివాను. "ఊ..." తూర్పు హద్దు... "ఊ..." ఆఖరి ముక్క అయ్యాక ఫ్యాను తిరిగే చప్పుడొక్కటే. ఆ తర్వాత... "ఊ."

టక్. తెర మామూలు పేజీగా మారింది.

నంబరు దిద్ది, ప్రింటు తీసి బండెక్కాను. సోమందేపల్లి ఎప్పుడు దాటానో తెలియదు. ఆసుపత్రి మెట్ల మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంది. ముఖం చూడగానే అర్థమైంది.

"నేను చదువుతాంటే ఫోను ఆమె చెవి కాడ పెట్టినావు గదమ్మా?"

"యాడ ఫోనన్నా... పది గంటలప్పుడు నీతో మాట్లాడినంకనే ఆరిపాయ. ఛార్జింగే లేదు." నల్లగా ఉన్న ఫోను చూపించింది. "కానీ అత్త కండ్లు మూసుకోని ఊ కొడతానే ఉండె. ఎవురో కత చెప్తాంటే విన్నట్టు. ఆఖర్న ఒకసారి గట్టిగా ఊ అనె... అంతేనన్నా."

నా ఫోను తీసి చూశాను. ఆ కాల్ ఉంది. పద్నాలుగు నిమిషాలు.

ఆమె నా చేతిలోని కాగితం చూసింది. కింద వేలిముద్ర చోటు ఖాళీ.

"ఊ అనింది గదన్నా... అది చాలదా?"

చాలదని నాకు తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే మరిది ఆ ఇంటికి తాళం వేశాడు. ఆ రాత్రి ఫోనెత్తింది ఎవరో... నాకు ఇప్పటికీ తెలియదు. ఫైలు మాత్రం అలాగే ఉంది. ఎప్పుడు తెరిచినా మామూలుగానే తెరుచుకుంటుంది.