తలుపు సంగతి

నా చిన్నప్పుడు మా మేనత్త ఏడవకుండా మాట్లాడడం నేర్చుకుంది. నేర్పింది మా తాతయ్య, అంటే ఆవిడ కన్నతండ్రే.

డెబ్బయ్యో దశకం చివర్లో, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన ఏడాది అది. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో చెరకు నేలకొరిగింది, ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, కానీ మనుషులం మిగిలాం. సముద్రం ఒడ్డున అత్త కాపురమున్న ఊళ్ళో అదీ లేదు. మామయ్యా, ఇద్దరు పిల్లలూ నీళ్ళలో పోయారు. తుమ్మచెట్టును కరుచుకుని అత్త ఒక్కతే బతికింది.

ఆ ఊరంతటికీ మేడ ఒక్కటే. నీళ్ళు మోకాళ్ళ దాకా రాగానే ఊరవతల అత్తావాళ్ళుండే పేటవాళ్ళందరూ పిల్లల్ని భుజాన వేసుకుని ఆ మేడకి పరుగెత్తారు. తలుపులు బాదారు. లోపల లాంతరు వెలుగుతూనే ఉంది, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గడియ మాత్రం తియ్యలేదు. పేటవాళ్ళని ఏనాడూ గడప తొక్కనివ్వని ఇల్లు అది. ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ అత్త మాట ఆ తలుపు దగ్గరే ఆగిపోయేది.

ఉప్పెనలో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడడానికి విజయవాడ నుంచి పేపరాయన వస్తున్నాడని పాస్టరుగారు కబురు చేశారు. చర్చి బడిలో పంతులుగా చేసిన తాతయ్యకి పేపరంటే గురి. అచ్చులో పడ్డ మాటని ఎంత పెద్దవాడైనా కాదనలేడని నమ్మేవాడు.

ఇక సాయంత్రమయితే ఆయన నులకమంచం మీద పేపరాయనలా కూర్చునేవాడు. ఎదురుగా పీట మీద అత్త. "ఏం జరిగిందమ్మా?" అని అడిగేవాడు. అత్త చెప్పుకుంటూ తలుపు సంగతి దాకా వచ్చి భోరుమనేది.

"ఏడిస్తే ఏడుపే రాసుకుని పోతాడే. ముందు తలుపు సంగతి చెప్పు. మళ్ళీ మొదట్నించీ చెప్పు."

"కడుపుకోతలో ఉన్న పిల్లకి పరీక్షలు పెడుతున్నారా? మీకసలు గుండె ఉందా?" అని నానమ్మ వంటింట్లోంచి అరిచేది. నాకూ తాతయ్య మీద కోపం వచ్చేది. ఆయన తల వంచుకుని మళ్ళీ అదే ప్రశ్న వేసేవాడు. పోయినవాళ్ళు ఆయన మనవలు కూడా కదా అని నాకప్పుడు తోచలేదు.

చివరికి అత్త చెప్పగలిగింది. ముందు తలుపు కొట్టిందెవరో, లోపల్నించి "పొండిరా" అన్న గొంతు ఎవరిదో, కన్ను చెమర్చకుండా అంతా చెప్పింది.

పేపరాయన ఫొటోగ్రాఫరుతో జీపులో చర్చి దగ్గరికి వచ్చాడు. అత్త నేర్చుకున్నట్టే చెప్పింది. సగంలోనే ఆయన పెన్ను ఆగిపోయింది. పాస్టరుగారి వైపు తిరిగి, "ఏంటండీ, ఈవిడ పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది? పిల్లలు పోయిన తల్లిలా లేదే!" అన్నాడు. అవతల ఇంకొకావిడ నేల మీద పడి ఏడుస్తుంటే ఇద్దరూ అటు వెళ్ళిపోయారు.

పేపర్లో ఆ నేల మీద పడి ఏడ్చినావిడ ఫొటో పెద్దగా వచ్చింది. దాని కిందే మేడ ఆసామి మాటలు. చేతనైనంతమందిని కాపాడాడట. తన మాట విని ముందే వచ్చుంటే మిగతావాళ్ళూ బతికేవాళ్ళట. అత్త చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా లేదు.

తాతయ్య పేపరు మడిచాడు. "తప్పు నాదేనమ్మా. నిన్ను ఏడవనిచ్చుంటే నమ్మేవాడేమో," అన్నాడు.

బియ్యం చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టింది.

"ఏడిస్తే నా ఫొటో వేసేవాడు నాన్నా. తలుపు సంగతి అప్పుడూ రాసేవాడు కాదు. ఆ మేడలో భోంచేసే ఇక్కడికొచ్చారంట, జీపు డ్రైవరే చెప్పాడు."

మేడ ఆసామి తర్వాత ఆ ఊరికి ప్రెసిడెంటయ్యాడు. అత్త మాత్రం బతికినన్నాళ్ళూ వినేవాళ్ళు దొరికితే చాలు, తలుపు సంగతి పొల్లుపోకుండా చెప్పేది.

ఇప్పుడు టీవీలో ఎక్కడ ఏ ఘోరం చూపించినా కెమెరా ఏడ్చేవాళ్ళ దగ్గరే ఆగుతుంది. నా కళ్ళు మాత్రం వాళ్ళ వెనకాల పొడికళ్ళతో నిలబడ్డ మనిషిని వెతుకుతాయి. ఆ మనిషి నోరు తెరిచేలోపే కెమెరా పక్కకి తిరిగిపోతుంది.