బాబాయికి కామెర్లని చెప్పిన ఆదివారాలు

మొన్న రేపల్లె నుంచి తెనాలి వెళ్తుంటే, రైలు దారిలో ఆగిపోయి ఎంతకీ కదలకపోయేసరికి, ఎదురు సీట్లో ఉన్న నా ఈడు పెద్దమనిషి విసుక్కుని, ఎమర్జెన్సీ రోజుల్లో బండ్లు ఠంచనుగా నడిచేవని, మళ్ళీ అలాంటి పాలన వస్తేగాని ఈ జనం దారికి రారని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునండి, అవునండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఏ మొహం పెట్టుకుని కాదనను. మొదట్లో మా ఇంట్లోనూ ఆ మాటే అనుకున్నాం మరి.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా నాన్న బడిపంతులు. గుమాస్తాలు వేళకు వస్తున్నారని, సమ్మెలూ ఊరేగింపులూ లేక వీధులు ప్రశాంతంగా ఉన్నాయని ఆయనే మురిసిపోయేవారు. కొన్నాళ్ళకు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకురాని మేష్టర్లకు జీతం ఆపుతామని పైనుంచి మాట వచ్చింది. అప్పుడు అదే నాన్న కూలివాళ్ళ గుమ్మాల ముందు నిలబడి బతిమాలుకోవడం నేను చూశాను. మంగలి షాపులో రాజకీయాలు మాట్లాడరాదని బోర్డు పెట్టారు. మా ఇంట్లో రేడియో గొంతు తగ్గింది. తగ్గించమని ఎవరూ చెప్పలేదు, మేమే తగ్గించుకున్నాం.

తగ్గనిదల్లా మా బాబాయి నోరు. ఆయన బాపట్లలో గుమాస్తాగా ఉండేవాడు. పొద్దున్నే టీ హోటల్లో పేపరు పైకి చదివి నలుగురికీ వినిపించడం ఆయనకు సరదా. ఒకరోజు పేపరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదివి, "దేశంలో చెడ్డవార్త ఒక్కటీ లేదంటండీ, ఇంక మనం చచ్చినా పేపర్లో రాదు" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఎవరో వెళ్ళి చెప్పారు. ఆ వారంలోనే పోలీసులు వచ్చి తీసుకుపోయారు, విచారణా లేదు, ఎన్నాళ్ళో చెప్పడమూ లేదు.

మాది లూథరన్ కుటుంబం. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఆదివారం ఆరాధనకు ముందే పాస్టరు అయ్యగారి చెవిన వేస్తే, ప్రార్థనలో పేరుపెట్టి దేవుణ్ణి అడిగేవారు, సంఘమంతా ఆమెన్ అనేది. మా నానమ్మ తన చిన్నకొడుకు పేరు చెప్పమని నాన్న దగ్గర పట్టుబట్టింది. జైలని చెబితే తన ఉద్యోగానికి ఎసరు వస్తుందని భయపడి, నాన్న కామెర్లని చెప్పారు. అయ్యగారికి నిజం తెలుసు. సంఘానికీ తెలుసు. అయినా వారం వారం అందరూ కళ్ళు మూసుకుని, బాబాయి కామెర్లు తగ్గించమని దేవుణ్ణి వేడుకున్నారు. పైగా ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నానమ్మ చుట్టూ చేరి, ఉప్పు మాన్పించండి, పసరు వేయించండి అని సలహాలు చెప్పేవాళ్ళు. అబ్బ, ఆ సలహాలు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు నాకు.

ఒక ఆదివారం నానమ్మ ఇంక ఓర్చుకోలేకపోయింది. ప్రార్థన మధ్యలో చాప మీంచి లేచి నిలబడి, "జబ్బేంటండి అయ్యగారూ, నా బిడ్డ జైల్లో ఉన్నాడు, దేవుడికి కూడా అబద్ధం చెబుతారేంటండి" అంది. ఒక్కరూ తల తిప్పలేదు. అయ్యగారు గొంతు సవరించుకుని తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి బాబాయి పేరు ప్రార్థనలో లేదు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఆయన కోసం ప్రార్థన జరిగింది, నిజం చెప్పాక అదీ ఆగిపోయింది. నానమ్మ మాత్రం మానలేదు, రోగుల పేర్లు అయిపోగానే కొడుకు పేరు తానే పైకి చెప్పి, ఎవరైనా ఆమెన్ అంటారేమోనని కాస్త ఆగి, ఎవరూ అనకపోతే తానే అనుకుని కూర్చునేది.

ఎమర్జెన్సీ పోయాక బాబాయి సగం మనిషై వచ్చాడు. ప్రార్థన సంగతి ఎవరో చెప్పారు కాబోలు, అన్నం ముందు కూర్చుని, నాకు ఏం జబ్బని చెప్పావు అన్నయ్యా అని అడిగాడు. నాన్న అన్నం కెలుకుతూ కామెర్లని చెప్పారు. బాబాయి పకపకా నవ్వి, "పోనీలే అన్నయ్యా, పథ్యం మాత్రం నిజమే, జైల్లో ఉప్పూ కారం ఎరగను" అన్నాడు. నవ్వింది ఆయన ఒక్కడే. నాన్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు, ఆ తర్వాత బతికున్నంత కాలం తమ్ముడి ఎదుట కూర్చుని అన్నం తినలేదు.

ఇప్పుడు ఆ ప్రార్థన గుడికి పెద్ద గోడలు లేచాయి, మైకులు వచ్చాయి, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, ప్రార్థన కోరేవాళ్ళు ఫోన్లో చెబితే చాలు. ఆ రోజుల్లో మా గుడికి ఒక్క పోలీసు రాలేదు, ఫలానా పేరు ఎత్తొద్దని ఒక్క ఉత్తరువు రాలేదు, ఆ పని మేమే చేసిపెట్టాం. అందుకే ఇవాళ్టికీ ఎవరికో బాగాలేదని అయ్యగారు చదవగానే సంఘమంతా ఆమెన్ అంటుంటే, ఇది నిజంగా జబ్బేనా అని నా మనసు అడుగుతుంది, ఆ పూట నా నోట మాత్రం ఆమెన్ రాదు.