గుమ్మటానికి దిష్టిచుక్క

సున్నం వెయ్యడంలో సింహాద్రి అంత పనిమంతుడు లేడని గోపాలపట్నంలో ఎవర్నడిగినా చెబుతారు. ఎవర్నీ అడక్కపోతే సింహాద్రే చెబుతాడు. పని సంగతి సరే, మనిషికి ఒకటే జబ్బు, దిష్టి. ఏ గోడకి వెల్ల వేసినా, ఏ సన్‌షేడు కిందో వేలితో నల్లచుక్క పెట్టందే నిచ్చెన దిగడు. స్టీలుప్లాంటు గురునాథరావుగారి మేడకి ఆ చుక్క మరిచిపోయాడట, మొదటి వానకే గోడంతా పొక్కులు లేచాయట. సున్నంలో బంక తక్కువైందంటే మాత్రం ఒప్పుకోడు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటాడు.

అలాంటివాడికి తండ్రి నాటినుంచి వస్తున్న పని, పోర్టు పక్క కొండ మీదున్న పాత మసీదుకి ఏటా రంజాను ముందు సున్నం వెయ్యడం. ఆ మసీదు ఎప్పుడు కట్టారంటే ఇద్దరు మనుషులు మూడు లెక్కలు చెబుతారు. సింహాద్రి లెక్క వేరు. గుమ్మటాన్ని గీకితే తెల్లపొర కింద తెల్లపొర, ఆ కింద నీలం. నీలమంటే తండ్రి వీరన్న కాలం. ఆయనోసారి చెయ్యి జారి సున్నంలో నీలిమందు ఒంపేస్తే, ఆ ఏడంతా గుమ్మటం ఆకాశంలో కలిసిపోయిందట. హార్బరు దాటేటప్పుడు ఓడలవాళ్ళు ఈ కొండకి దండం పెట్టుకోవడం పాత అలవాటు. ఆ ఏడు దేనికి పెట్టుకున్నారో దేవుడికే ఎరుక.

ముందువేపు మూడు కమానులు, రెండు మూలలా సన్నటి మినార్లు, గుమ్మటం అంచు చుట్టూ తామర రేకులు. ఆ రేకుల సందుల్లోకి కుంచె పోనివ్వడంలోనే ఉంది పనంతా. కానీ ఈసారి మసీదు పెద్ద జిలానీ సాయిబు ముందే చెప్పేశాడు. కమిటీలో కుర్రాళ్ళు మిషనుతో రంగు కొట్టిద్దామంటున్నారు, నీ పని చూసి తేల్చుకుందాం అని. ఆ రోజునుంచీ సింహాద్రికి అన్నం సయించలేదు. పనులకేం, ఊరినిండా గోడలే. తండ్రి చెయ్యి తిరిగిన గుమ్మటం మీద తన చెయ్యి ఆగిపోతుందనేదే అతని బాధ.

ప్రాణం పెట్టి చేశాడు. తీరా పూర్తయ్యేసరికి గుమ్మటం ఉతికి ఆరేసిన పంచెలా మెరిసిపోతోంది. కింద తాడు పట్టుకున్న బావమరిది గవర్రాజు హార్బరు వేపు చూసి, "బావా, ఓడలోలంతా మనేపే సూత్తన్నారేటి" అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది. ఓడలనిండా ఉన్నవాళ్ళ కళ్ళు! సింహాద్రి టీకొట్టుకి పోయి గిన్నె అడుగు మసి కొబ్బరిచిప్పలో గీకి తెచ్చాడు. గవర్రాజు వద్దంటున్నా మళ్ళీ ఎక్కి, హార్బరు వేపు రేకు మీద చుక్క పెట్టాడు. చిన్నదే పెట్టాడు పాపం. ఆ తెలుపు మీద అది చింతగింజంత కనపడింది.

సాయంత్రం నమాజుకి ముందు జిలానీ సాయిబు మసీదు చుట్టూ తిరిగి చూశాడు. హార్బరు వేపు ఆగిపోయాడు.

"ఏటి సింహాద్రీ, ఆ మచ్చ?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, సింహాద్రి మసి వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. "పావురం గావాల బాబూ."

"నల్ల రెట్టేసే పావురాలేటి?"

గవర్రాజు తాడు చుడుతూ మొహం అటు తిప్పేసుకున్నాడు. ఇక దాచడం సింహాద్రి వల్ల కాలేదు. "దిష్టి సుక్క బాబూ. ఇంత బాగా ఎప్పుడూ రానేదు. ఎవులి కన్నైనా పడిపోద్దని బయమేసీసింది. తప్పైపోనాది." నాన్న నాటి పని చేతులారా పోగొట్టుకున్నానని అప్పటికే తేల్చేసుకున్నాడు.

"ఇది అల్లా ఇల్లురా. దీనికి దిష్టేటి? ఎక్కి తుడిచీ."

సింహాద్రి ఎక్కాడు, తుడిచాడు, మీద సున్నం పూశాడు. సాయిబు గుమ్మటం వేపు చూడనే లేదు. సింహాద్రి దిగేదాకా నిచ్చెన పట్టుకుని, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు.

దిగగానే, "ఆ చిప్ప ఇలా తే" అన్నాడు. మసిలో వేలు ముంచి సింహాద్రి బుగ్గ మీద చుక్క పెట్టాడు.

"మాయమ్మ నాకు ఇలాగే పెట్టీది. గుమ్మటానికేటవుద్ది? ఎక్కినోడికి పెట్టాల. వచ్చే ఏడూ నువ్వే ఎక్కాల గదా."

సింహాద్రి ఆ చుక్కతోనే పూర్ణా మార్కెట్ దాటి బస్సెక్కాడు. చూసినవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక భార్య నాగమణి తడిగుడ్డ తెచ్చి బుగ్గ తుడవబోతే మొహం పక్కకి తిప్పేశాడు.

"ఉండనీ. నాకూ దిష్టి తగుల్తాదంట."