పగటి దేవతకు తల్లి వేషం

శనివారం షార్లెట్‌లో హైస్కూల్లో లాటిన్ చదివే పిల్లలకు వేషాల పోటీ. మా అక్క కూతురు అన్వి వేషం డియేస్, రోమన్ల పగటి దేవత. ఆ దేవతకు తండ్రి అయోమయం, తల్లి పొగమంచు. తల్లి వేషం వెయ్యాల్సిన స్నేహితురాలికి జ్వరం రావడంతో ఆ పాత్ర నాకు దక్కింది. తండ్రి వేషమైతే రిహార్సల్ కూడా అక్కర్లేకపోయేది.

మోరిస్‌విల్‌లో అక్క ఇంటి నుంచి పది గంటల రైలుకు వెళ్ళాలి. తొమ్మిది నుంచి రాహుకాలమని, ఎనిమిదిన్నరకే కదలమంది అమ్మ. నేను లేస్తేగా! అందుకని అమ్మే అన్వి జరీ చీర, కిరీటం ఉన్న సంచిని తీసుకెళ్ళి పక్కింటి గరాజ్‌లో ప్రస్థానం పెట్టి వచ్చింది. సామాను ముందే గడప దాటితే ప్రయాణం మొదలైనట్టేనట.

తొమ్మిదిన్నరకు వెళ్తే గరాజ్‌కు తాళం. పక్కింటివాళ్ళు పిల్లల ఈత పోటీకి వెళ్ళారు. ఫోన్ ఎత్తరు.

"మామా, నా శారీ లోపల ఉంది!"

"శాస్త్రప్రకారం చీర ప్రయాణంలోనే ఉంది. మనమే ఇంకా బయలుదేరలేదు."

అన్వి నవ్వలేదు. చదువు బహుమతులకు తప్ప దేనికీ స్టేజీ ఎక్కని పిల్ల, ఈ ఒక్కదానికి తనే పేరిచ్చింది. రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చుంది.

"పాపకేమైంది?" ఎదుటి సీటు పెద్దావిడ అడిగింది.

"దేవతండీ. బట్టలు గరాజ్‌లో ఉండిపోయాయి."

ఆవిడ తన హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది.

అమ్మ కట్టిచ్చిన పులిహోర సగమయ్యాక అన్వి కళ్ళు తుడుచుకుంది. "మామా, నీ ఫాగ్ వేషం గ్రే బెడ్‌షీట్ నీ బ్యాగులోనే ఉంది కదా? నేను దాని కింద దాక్కుంటా. ఫాగ్ వెళ్తే డే వస్తుంది. జీన్స్ అయితే ఏంటి?"

ఒంటిగంటకు దిగాం. హాలుకు టాక్సీలో పది నిమిషాలు. స్టేజీ మీద నేను మెల్లగా విడిపోవాల్సిన పొగమంచుని. దుప్పటి అంచు తొక్కి బోర్లా పడ్డాను. నా వెనకాల అన్వి నిటారుగా లేచి, చేతులు చాచి, లాటిన్ వాక్యాలు ఒక్కటీ తడబడకుండా చెప్పింది. హాలు నవ్వడం మానేసి చప్పట్లు కొట్టింది.

"మరి మీరు?" జడ్జి నా గడ్డం చూస్తూ అడిగాడు.

"తల్లినండీ."

మూడో బహుమతి. ఫోన్ చేస్తే, "ప్రస్థానం పెట్టాను కాబట్టి అదైనా వచ్చింది" అంది అమ్మ.

ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక మాట: రైలు హాయిగా ఉంటుంది, కాఫీ ఉండదు. సాయంత్రం తిరుగు రైల్లో అన్వి బహుమతి రిబ్బన్ గుప్పిట్లో పెట్టుకుని నా భుజం మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. జోకు వేద్దామంటే వినేవాళ్ళు లేరు. కండక్టర్ టికెట్లంటూ వస్తే నోటి మీద వేలు పెట్టాను.

"మెల్లగా," అన్నాను. "పిల్లకు ఇప్పుడే నిద్ర పట్టింది."