ఎర్ర కుళాయి నీళ్లు

ఈ రోజు నా తప్పు ఒక స్విచ్చు దగ్గర మొదలైంది. పొద్దున సబా అల్ సలేంలో ఒక ఇంట్లో గీజర్ వాల్వు మార్చి, పనిచేస్తోందో లేదో చూద్దామని స్విచ్చు వేశాను. ఆపకుండా వచ్చేశాను.

కువైట్‌లో ఎండాకాలం గడపని వాళ్లకు ఇది తప్పులా కనిపించకపోవచ్చు. ఇక్కడ నీళ్ల ట్యాంకులు మిద్దె మీద ఎండలో ఉంటాయి. ఎండలు ముదిరాక చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని గీజర్ ఆపేసి ఉంచుతాం. ఏసీ తగిలే బాత్రూములో, గీజర్‌లో నిలవున్న నీళ్లు చల్లబడతాయి. ఎండలు తగ్గేదాకా నీలం గుర్తు కుళాయి వేడినీళ్లకు, ఎర్ర గుర్తుది చల్లనీళ్లకు. ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఏళ్ల తరబడి ప్లంబింగ్ పని మీదే బతుకుతున్న నేను మరిచిపోయాను.

కారణం ఫోను. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్లంతా పిలిచినట్టే నేనూ మామా, అంటే అమ్మా, అనే పిలుస్తాను. ఆవిడ తమ్ముడు ఊరి అంచున, నిన్నమొన్నటిదాకా ఒంటెలు తిరిగిన ఇసుకలో, ఫ్లాట్ల బిల్డింగు కడుతున్నాడు. ఈ ఊరు ఏ వైపు పెరిగినా నాలాంటి వాళ్లకు నాలుగు మెతుకులు రాలతాయి. ఆ పని నాకిప్పించమని ఆవిడను చాలా రోజులుగా అడుగుతున్నాను. గీజర్ మీద లైటు వెలిగిన క్షణంలోనే ఆ తమ్ముడు ఫోను చేశాడు. మాట్లాడుతూనే పనిముట్లు సర్దాను. మాట్లాడుతూనే మెట్లు దిగాను.

గుమ్మం దగ్గర ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎదురైంది. మా కడప వైపు మనిషి.

"ఈసారన్నా గట్టిగా బిగించినావా అన్నా? పోయినసారి నీ చేతి సలవ, వారమంతా బకెట్టు పెట్టుకోని కూచున్యాం" అంది.

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నవ్వి వచ్చేశాను.

మధ్యాహ్నం దజీజ్ బజారులో పైపులు కొంటుంటే ఆ అమ్మాయే ఫోను చేసింది.

"అన్నా, పొద్దున గీజర్ ఆపే పోయినావు కదా?"

"ఏమైందమ్మా?"

"మామా వాళ్లమ్మ కాళ్లు కాలిపాయన్నా. నమాజుకు ముందర ముసలామె కాళ్లు కడుగుతాండా. ఎర్ర కుళాయి తిప్పి చెయ్యి పెట్టి చూస్తే సల్లగానే ఉండాయి. కాళ్లమీదికి పట్టినాక కాగే నీళ్లొచ్చినాయి. నేనే స్విచ్చి ఏసినానంట. ఖలాస్, బ్యాగు సర్దుకో, ఊరికి పంపిస్తా అంటాంది మామా. నువ్వు ఆపినావు కదా?"

"ఆపే వచ్చినానమ్మా" అన్నాను.

"అట్లయితే నేనేలే అన్నా. గోడ తుడిచేటప్పుడు చెయ్యి తగిలుంటాది" అని పెట్టేసింది.

అబద్ధం చెప్పాలని అనుకోలేదు. అనుకునేంత వ్యవధి కూడా లేదు. ఊపిరి వదిలినంత తేలిగ్గా వచ్చేసింది. ఇన్నేళ్లూ నన్ను నేను మంచివాడినని అనుకుంటూ తిరిగాను. ఆ పిల్ల నా మాట నమ్మి, తన చేతినే అనుమానించుకుంది.

వ్యాను నడిపే రాయచోటి భాయ్, నాకంటే పెద్దవాడు, పైపులు కట్ట కడుతూ చూశాడు. "కొలత చెప్పమంటే గోడను చూస్తాండావేంది?"

జరిగింది చెప్పాను. భాయ్ తాడు ముడి బిగించాడు.

"సరే, బిల్డింగు పని నీకే వస్తాదిలే. ఇంగేం కావాల?"

కట్టిన పైపులను భాయ్ అక్కడే గోడకు ఆనించి, "యల్లా, ఎక్కు" అన్నాడు.

ఆ ఇంటికి వెళ్లేసరికి గేటు లోపల ఒక బ్యాగు పెట్టి ఉంది. దాని పక్కన మెట్టు మీద ఆ అమ్మాయి. హాల్లో పెద్దావిడ కాళ్లకు కట్లు. పడుకున్న చోటి నుంచే ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది, నీళ్లు కావాలంటోంది.

నాకొచ్చిన అరకొర అరబ్బీలో మామాకు చెప్పాను. స్విచ్చు వేసింది నేను. ఆపకుండా పోయింది నేను. ఫోనులో ఈ అమ్మాయికి అబద్ధం చెప్పిందీ నేనే.

"ఎందుకు?" అంది మామా.

"మీ తమ్ముడి బిల్డింగు పని పోతుందని."

"పోయింది" అంది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. తల్లి వైపు చూసి, గుమ్మం వైపు తిరిగి, "లోపలికి రా, అమ్మ నీళ్లడుగుతోంది" అని ఆ అమ్మాయిని పిలిచింది.

ఆ అమ్మాయి నా పక్క నుంచే వెళ్తూ, "నువ్వు చెప్తే నమ్మినానన్నా" అంది. తిట్టుంటే బాగుండేది.

పెద్దావిడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని క్షమించమన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. బాత్రూముకు వెళ్లి చూస్తే గీజర్ స్విచ్చు ఇంకా వేసే ఉంది. హడావుడిలో ఎవరూ ముట్టుకోలేదు. ఆపి, దాని మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటించాను. గీజర్‌లోని వేడినీళ్లన్నీ వదిలేశాను.

తర్వాత గేటు దగ్గరికి వెళ్లి ఆ బ్యాగు ఎత్తాను. జిప్పు సగమే పడింది, పైన దువ్వెన కనిపిస్తోంది. ఇల్లు చుట్టి వెనక్కి తీసుకెళ్లి, వంటింటి గుమ్మం లోపల, ఆమె చెప్పులు విడిచే చోట పెట్టి వచ్చాను.