అమ్మ మానేసిన చుట్ట

మా అమ్మ చేత ఒక అబద్ధం మీద మొక్కు మొక్కించాను. ఏళ్ళ తరబడి ఆవిడ ఆ మొక్కు నిలబెట్టుకుంటుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నా పేరు చెప్పను. భిలాయిలో తెలుగువాళ్ళందరికీ తెలుగువాళ్ళందరూ తెలుసు. మేముండే మరోదా కాలనీలో ఒకింట్లో తుమ్మితే నాలుగు వీధుల అవతల ఆరోగ్యం అడుగుతారు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

ఎక్కడ మొదలుపెట్టాలి? నా లావుతోనే.

నాది మామూలు లావు కాదు. నేను పనిచేసే ఉక్కు ప్లాంటులో నా కొలతకి యూనిఫాం దొరికేది కాదు, దర్జీ దగ్గర విడిగా కుట్టించుకునేవాణ్ణి. మిల్లులో పైకెక్కి చూడాల్సిన పని పడితే కుర్రాళ్ళు "భయ్యా, ఆప్ నీచే సే బతా దో" అనేవారు, కిందనుంచే చెప్పెయ్యమని. అది గౌరవం అనుకునేవాణ్ణి. ఒకరోజు పంతం పట్టి నిచ్చెన ఎక్కాను. సగంలో ఆయాసం పట్టేసింది. పైకి వెళ్ళలేను, కిందికి దిగలేను. కింద అందరూ మెడలెత్తి చూస్తున్నారు. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ మర్నాడు నడక మొదలుపెట్టాను. అన్నం తగ్గించాను, తరవాత రాత్రి పూట మానేశాను. పెళ్ళిళ్ళలో బూరెల పళ్ళెం ఎదురుగా వస్తే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాణ్ణి. మే నెలలో ఇక్కడి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకే తెలుసు, అప్పుడు కూడా తెల్లారకముందే లేచి నడిచాను. రెండేళ్ళు పైనే పట్టింది. సగం మనిషినయ్యాను. అదే నిచ్చెన చివరిదాకా ఎక్కి, పైన నిలబడి కిందికి చెయ్యూపాను. గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకోనివ్వండి. ఈ గొప్ప ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా చెప్పుకోలేకపోయాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

కొవ్వు పోయింది. చర్మం మిగిలిపోయింది.

ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. పొట్ట మీది చర్మం మడతపెట్టిన దుప్పటిలా తొడల మీదికి జారింది. ప్యాంటులోకి దాన్ని చేత్తో సర్ది దోపుకునేవాణ్ణి. రొమ్ములు వేలాడాయి. మిల్లు వేడికి మడతల కింద చెమట నిలిచి పుండు పడేది, వాసన వచ్చేది. స్నానం చేశాక మడత ఎత్తి తుడుచుకుని పౌడరు అద్దుకోవాలి. షిఫ్టు అయ్యాక అందరూ కలిసి స్నానాలు చేసే చోటికి వెళ్ళడం మానేశాను. ఇంట్లో అమ్మ ముందు కూడా బనీను విప్పేవాణ్ణి కాదు. ఒక్క లలితకే, నా భార్యకే, తెలుసు.

అప్పుడు మా అక్క కూతురు మౌనికకి సంబంధం కుదిరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీ చురుగ్గా వస్తుంది. "మావయ్యా, బుట్టలో నన్ను నువ్వే తేవాలి, ఔర్ కోయీ నహీఁ" అని నా మెడ పట్టుకుని ఊగింది. మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో మండపానికి తేవడం మా ఆచారం. పంచె కట్టుకుని, చొక్కా లేకుండా, భుజాన కండువాతో. మా పంతులుగారు ఈ విషయంలో బొత్తిగా మాట వినరు. నేను సరే అన్నాను. ఆ సాయంత్రం స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, ఆ చర్మాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాను.

రాయపూర్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను నిలబెట్టి, పెన్నుతో నా ఒంటి మీద గీతలు గీశాడు. ఇక్కణ్ణించి ఇక్కడికి కోసి, మిగతాది లాగి కుడతాం, బొడ్డు కొత్తగా కుదురుస్తాం, ఛాతీ కూడా సరిచేస్తాం అన్నాడు. బరువు ఎత్తడానికి కొన్ని నెలలు ఆగాలన్నాడు. పెళ్ళికి అంతకంటే ఎక్కువే గడువుంది. ఆ గదిలోంచి బయటికి వస్తుంటే పాట పాడుకోవాలనిపించింది.

ఇక ఇంట్లో చెప్పాలి. లలిత "ఉన్నదే చెప్పండి" అంది. ఎలా చెప్పను? ఆడపిల్లలు అందం కోసం చేయించుకుంటే ఒక మాట అంటారు, నలభై దాటిన మగాడు చేయించుకుంటే? హెర్నియా అందామనుకున్నాను. కానీ మా నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయింది, ఆ మచ్చ ఎంతుంటుందో అమ్మకి బాగా తెలుసు. నాకు పడబోయేది ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా. ఛాతీ మీది కోతల్ని బనీనో కండువానో కప్పేస్తుంది, ఇది దాగదు. దానికి తగ్గ రోగం కావాలి.

అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. అది ఆవిడ చుట్ట వేళ. విజయనగరం నుంచి పెళ్ళై వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న అలవాటు, నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని పీల్చే అడ్డచుట్ట. మాన్పించాలని నేను పదేళ్ళు పోరాను. వింటేనా!

"ఆపరేసనంటన్నావు, ఏటైనాదిరా నీకు?"

"కడుపులో గడ్డమ్మా."

చుట్ట చేతిలోనే ఆగిపోయింది. "గడ్డా? అందుకేనేటి ఇలాగ సిక్కిపోనావు? నాననుకుంతనే ఉన్నాను. నడిస్తే ఎవులైనా ఇంతలా సిక్కుతారేటి?"

అక్కడ నేను ఆపాలి. కాదమ్మా, నేనే తగ్గాను అనాలి. ఆవిడ ముఖంలో రక్తం లేదు. ఆ భయం చూస్తూ కూడా నేను ఆలోచించింది ఏమిటో తెలుసా? కథ బాగా అతికింది అని.

"కోయించీస్తే పోతాదంతన్నారా?"

"పోతాదమ్మా."

ఆవిడ లేచి, చుట్టని తూములో పడేసి నీళ్ళు పోసింది. "తల్లీ పైడితల్లీ, నా కొడుకు లేచి తిరిగితే ఈ నోట మళ్ళీ సుట్ట ముట్టను" అంది. రొంటిన ఉన్న అగ్గిపెట్టె తీసి లలిత చేతిలో పెట్టి, దీపానికి వాడుకోమంది. లలిత నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని వారాలు నడుం వంచి ముసలాడిలా నడిచాను. తరవాత నిటారుగా నిలబడ్డాను. పెళ్ళినాడు చొక్కా విప్పి, కండువా వేసుకుని, తమ్ముడి వరసవాడు అటుపక్క పట్టుకోగా బుట్ట ఎత్తాను. మౌనిక నవ్వుతోంది. మిల్లు కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ క్షణం నాది. ఎవరేమన్నా సరే, ఆ కోతకి నేను ఏ రోజూ విచారించలేదు, ఇప్పుడూ విచారించను.

అయితే అమ్మ అక్కడే ఉంది. వచ్చినవాళ్ళందరికీ నా మచ్చ చూపిస్తోంది. "గడ్డ తినీసినాది నా కొడుకుని, అమ్మోరు తిరిగిచ్చినాది." చుట్టాలు నా చేతులు పట్టుకుని పాపం అన్నారు. పాపమట! నేను వదిలేసిన అన్నం, నేను నడిచిన నడక, అన్నీ రోగం ఖాతాలో పడ్డాయి. నా అబద్ధమే నా గెలుపుని మింగేసింది. కాదనలేను. కాదంటే ఆ మొక్కు అబద్ధం మీద నిలబడిందని బయటికొస్తుంది.

మంచే జరిగిందిగా, ముసలావిడ చుట్ట మానింది, దగ్గు తగ్గింది అంటారా? నేనూ నాకు అదే చెప్పుకున్నాను, చాలాసార్లు. కానీ చుట్టతో పాటు ఇంకొకటి పోయింది. వెనక వరస క్వార్టర్లో అప్పలనర్సమ్మత్త ఉండేది. ఆవిడా అమ్మా ఒకే చుట్ట పంచుకుంటూ, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ పెరట్లో సాయంత్రాలు గడిపేవారు. చుట్ట కనిపిస్తే మనసు లాగుతుందని అమ్మ అటు వెళ్ళడం మానేసింది. అత్త కొన్నాళ్ళు పిలిచి ఊరుకుంది. ఆ తరవాత అమ్మ టీవీ ముందు కూర్చుని, దాన్ని చూడకుండానే సాయంత్రాలు గడిపేసేది. అదేం ఆరోగ్యం?

ఈమధ్య అత్త కొడుకు రిటైరయ్యాడు. క్వార్టర్ అప్పగించేసి ఊరికి వెళ్ళిపోతున్నారు. వెళ్ళే ముందురోజు అత్త మా పెరట్లోకి వచ్చింది. చేతిలో చుట్ట.

"వొదినా, రేపు బండెక్కీస్తన్నాను. ఇంక మనం కలిసేది నేదు. ఒక్క సుట్ట. సగం నీది, సగం నాది."

అమ్మ చెయ్యి ముందుకి వెళ్ళి, వెనక్కి వచ్చింది. "నా కొడుకు పానం మీద మొక్కు వొదినా. కోపగించకు." గుమ్మంలో నిలబడి నేను చూస్తున్నాను. నా ప్రాణం మీద. లేని గడ్డ కోసం. ఇప్పుడూ ఊరుకుంటే నేను మనిషినేనా?

"అమ్మా, గడ్డ లేదు. ఎప్పుడూ లేదు."

"ఏటి?"

"లావు తగ్గాక చర్మం వేలాడిపోయింది. అది కోయించుకున్నాను. సిగ్గేసి అబద్ధం చెప్పాను."

"మరి అలాగ సిక్కిపోనావేటి?"

"నడిచానమ్మా. తిండి మానుకున్నాను. నేనే తగ్గాను."

నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. ఆ చూపులో కోపం ఉంది. ఇంకేముందో వెతికాను, దొరకలేదు. తరవాత అత్త వైపు తిరిగి చెయ్యి చాపింది.

"గడ్డే నేకపోతే మొక్కేటి? ఇలాగ తే వొదినా."

నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. మొదట దగ్గు వచ్చింది. అత్త వీపు నిమిరింది. తరవాత ఇద్దరూ పగలబడి నవ్వారు, ఏళ్ళుగా మా పెరట్లో వినపడని నవ్వు. నేను అక్కడే నిలబడి ఉంటే అమ్మ తల తిప్పకుండానే అంది: "నీ సంగతి తరవాత సెప్తాను. లోపలికెల్లు."

అత్త వెళ్ళిపోయింది. అమ్మ మళ్ళీ చుట్ట ముట్టలేదు, ముట్టనని మొక్కుకోనూ లేదు. "తరవాత" ఇంకా రాలేదు. వస్తుంది, మా అమ్మ సంగతి నాకు తెలుసు. క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

మొన్న పవర్ హౌస్ బజార్లో కూరగాయలు కొంటుంటే, ఆ పెళ్ళికి వచ్చిన పెద్దాయన ఒకరు కనిపించి భుజం తట్టారు. "ఇప్పుడెలా ఉంది బాబూ? పాపం, ఆ జబ్బు నిన్ను సగం చేసేసింది."

"జబ్బేం లేదండీ," అన్నాను, బజారంతా వినపడేలా. "అన్నం మానేసి, నడిచి నేనే తగ్గాను. మిగిలిన చర్మం కోయించేసుకున్నాను. అమ్మకి అబద్ధం చెప్పాను."

నేను రెండు చేతులా సంచులు ఎత్తుకుని, పక్కనే ఉన్న రైలు స్టేషన్ మెట్ల వంతెన ఆగకుండా ఎక్కేశాను.